బెన్ టెన్ చూసే పిల్లవాడికి సైన్సు చెడిపోతుందా?

గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న ఒక తల్లి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. వారి అబ్బాయికి ఎనిమిదేళ్లు. జూన్‌లో నాలుగో తరగతిలోకి వెళ్తాడు. సెలవులు ఇచ్చినప్పటి నుంచి ‘బెన్ టెన్’ అనే కార్టూన్ సిరీస్ తెలుగు డబ్బింగులో పెట్టుకుని అన్నం కూడా టీవీ ముందే తింటున్నాడనీ, నోరు తెరిస్తే ఏలియన్ల పేర్లే వస్తున్నాయనీ, వాళ్ల నాన్నగారేమో ఇదంతా చెత్త, చదువుకునే బుర్ర పాడవుతుంది, కనెక్షన్ తీయించేస్తానంటున్నారనీ ఆమె రాశారు. మాన్పించాలా, ఏ సిరీస్ తర్వాత ఏది చూపించాలి, అందులో చెప్పే సైన్సు పిల్లవాడి మనసులో తప్పుగా పాతుకుపోతుందా అన్నవి ఆమె అడిగిన సంగతులు. చివర్లో మరో రెండు చేర్చారు: ఏలియన్లు నిజంగా ఉన్నారా అని రాత్రి పడుకోబోయే ముందు అడుగుతుంటే ఏం చెప్పాలి, అందులో బెన్ కట్టుకునే వాచీ బొమ్మ కొనిపెట్టవచ్చా.

అమ్మా, ముందు సూటిగా చెబుతాను. మాన్పించవద్దు, అలాగని ఒంటరిగా చూడనివ్వవద్దు. ఆ సిరీస్‌లో సైన్సు చాలావరకు తప్పే. అయితే ఆ తప్పులు ఎనిమిదేళ్ల పిల్లవాడు తన చేతులతో పట్టుకోగలిగినంత పెద్దవి. పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న వేసే పెద్దవారుంటే చాలు. ఒక ఎపిసోడ్ చూడనివ్వండి, అది అయ్యాక ఒక ప్రశ్న అడగండి, దానికి సమాధానం ఇంట్లో దొరికే వస్తువులతోనే వెతకనివ్వండి. ఎపిసోడ్ సుమారు 22 నిమిషాలు ఉంటుంది. రోజుకు రెండు మించకుండా, అన్నం వేళ కాకుండా చూపిస్తే మీ వారు చెప్పే భయానికి పెద్దగా ఆస్కారం ఉండదు.

నేను విజయవాడలో 27 ఏళ్లు హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. ఇప్పుడు సత్యనారాయణపురంలో మా డాబా మీద ఆదివారం ఉదయం చుట్టుపక్కల పిల్లలు పదిమందో పన్నెండుమందో చేరతారు. పుస్తకం లేకుండా ఏదో ఒకటి చేసి చూస్తాం. బెన్ టెన్ గురించి నాకు తెలిసిందంతా వాళ్లు నేర్పిందే. మొదటి పది ఏలియన్ల పేర్లూ ఇప్పుడు తడుముకోకుండా చెప్పగలను; మా ఆవిడ అది విని నవ్వుతుంది.

ఒకప్పుడు నేనూ మీ వారి పక్షమే. ఏడో తరగతి పిల్లవాడొకడు నోట్సు చివరి పేజీలో ఫోర్ ఆర్మ్స్ అనే నాలుగు చేతుల ఏలియన్ బొమ్మ వేసి, దాని పక్కనే ఆ శరీరం లోపల ఎముకలు ఎలా ఉంటాయో పెన్సిలుతో గీసి నాకు చూపించాడు. ‘ఇవన్నీ అబద్ధాలు, పాఠం చూసుకో’ అన్నాను. వాడు ఆ తరువాత నాకు ఏ బొమ్మా చూపించలేదు. చాలా రోజుల తరువాత ఏదో సందర్భంలో ఆ గీతలు గుర్తుకు వచ్చినప్పుడు తెలిసింది: రెండో జత చేతులకు భుజపు కీలు ఎక్కడ అతకాలి, అక్కడ పక్కటెముకలు అడ్డం రావా అన్న ప్రశ్నను వాడు బొమ్మలో అడిగాడు. వైద్య కళాశాలలో అడగదగిన ప్రశ్న అది. నేను దాన్ని అల్లరిగా లెక్కగట్టాను. ఇప్పుడు మీకు ఇంత పొడుగు సమాధానం రాయడానికి ఆ పిల్లవాడే కారణం అనుకోండి.

ఇక సిరీస్ సంగతి. మొదటి ‘బెన్ టెన్’ 2005 డిసెంబరులో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలై 2008 ఏప్రిల్ దాకా నడిచింది. నలుగురు కామిక్స్ రచయితలు కలిసి పెట్టుకున్న ‘మ్యాన్ ఆఫ్ యాక్షన్’ అనే బృందం దాన్ని సృష్టించింది. పదేళ్ల బెన్ టెన్నిసన్ వేసవి సెలవుల్లో తాతయ్య మ్యాక్స్‌తో, అన్నదమ్ముల బిడ్డ వరసైన గ్వెన్‌తో ఇల్లులాంటి పెద్ద వ్యానులో ఊళ్లు తిరగడానికి బయలుదేరతాడు. ఆకాశం నుంచి పడిన గోళంలో ఉన్న ఓమ్నిట్రిక్స్ అనే గడియారం అతని మణికట్టుకు అతుక్కుని ఊడిరాదు. డయల్ తిప్పి నొక్కితే పది రకాల గ్రహాంతర జీవుల్లో ఒకటిగా మారతాడు, కాసేపటికి గడియారం ఎర్రగా మెరిసి మళ్లీ మామూలు పిల్లవాడైపోతాడు. తాను కోరుకున్నది ఒకటైతే గడియారం మరొకటిగా మార్చడం తరచూ జరుగుతుంది. పిల్లలకు అందులో బలం కంటే ఆ అవస్థే ఎక్కువ నచ్చుతుందని నా అనుమానం. పైగా సెలవుల్లో తాతయ్య వెంట తిరగడం, ఆయన వండిపెట్టిన దాన్ని చూసి మొహం చిట్లించడం (మ్యాక్స్ తాతయ్య వంటలో పురుగులు కూడా ఉంటాయి) మన పిల్లలకు పరాయి కథగా తోచవు.

దాని తరువాత ‘ఏలియన్ ఫోర్స్’ 2008 నుంచి 2010 వరకు, ‘అల్టిమేట్ ఏలియన్’ 2010 నుంచి 2012 వరకు, ‘ఓమ్నివర్స్’ 2012 నుంచి 2014 వరకు వచ్చాయి. ఈ నాలుగూ ఒకే కథకు కొనసాగింపులు. 2016లో మళ్లీ పదేళ్ల బెన్‌తో మొదటి నుంచి మొదలుపెట్టిన సిరీస్ 2021 వరకు నడిచింది. అది వేరే కథ, ముందు వాటితో కలిపి చూస్తే పిల్లలు తికమకపడతారు. మీ అబ్బాయి వయసుకు 2005 నాటి మొదటి సిరీసే సరిపోతుంది. ‘ఏలియన్ ఫోర్స్’ నాటికి బెన్‌కు పదిహేనేళ్లు వస్తాయి, తాతయ్య కనిపించకుండా పోతాడు, కథ బరువెక్కుతుంది, ఈడొచ్చిన పిల్లల మధ్య ఆకర్షణలు కూడా ఉంటాయి. దాన్ని మరో మూడు నాలుగేళ్లు ఆపితే మంచిది. 2016 నాటిది పదకొండు నిమిషాల ముక్కలతో తేలికగా ఉంటుంది. ఇంట్లో అయిదారేళ్ల చిన్నవాళ్లు కూడా పక్కన కూర్చుంటారనుకుంటే అది పెట్టండి. మొదటి సిరీస్‌లో ఘోస్ట్‌ఫ్రీక్ అనే దెయ్యంలాంటి ఏలియన్ గడియారంలోంచి తప్పించుకునే కథలు మాత్రం పగటిపూట మీరు పక్కనుండగా చూపించండి. మా దగ్గరికి వచ్చే ఒక పాప ఆ కథ చూసిన తరువాత నాలుగు రోజులు ఒంటరిగా స్నానాల గదిలోకి వెళ్లలేదు.

ఇప్పుడు అసలు విషయమైన సైన్సుకు వస్తాను. ఆ గడియారం బెన్ శరీరంలోని డీఎన్ఏను మార్చి అతన్ని ఏలియన్‌గా చేస్తుందని కథ చెబుతుంది. సిరీస్ మొత్తంలో పిల్లల మనసులో నిలిచిపోయే పెద్ద తప్పు ఇదే, ఎందుకంటే డీఎన్ఏ అన్న మాట నిజమైనది, పై తరగతుల్లో మళ్లీ ఎదురవుతుంది. నేను పిల్లలకు ఇలా చెబుతాను: డీఎన్ఏ అనేది ఇంటి ప్లాను కాగితం లాంటిది. కార్పొరేషన్ ఆఫీసులో ఉన్న ప్లాను కాగితాన్ని ఎవరో మార్చేసినంత మాత్రాన బ్రాడీపేటలో కట్టి ఉన్న మేడ మారిపోదు. గోడలు పడగొట్టాలి, ఇటుకలు తేవాలి, మేస్త్రీలు పనిచేయాలి, దానికి నెలలు పడుతుంది. పెద్దవారి శరీరంలో ఉండే కణాలు సుమారు 30 లక్షల కోట్లు. వాటన్నింటిలో కాగితం ఒక్క క్షణంలో మారిందనుకున్నా ఎముక ఎముకగానే, చర్మం చర్మంగానే ఉంటుంది. ఆ మార్పు బయటికి కనిపించాలంటే ఒక్కొక్క కణమే తన పని మార్చుకుంటూ రావాలి.

మరి ఒక శరీరం మరో శరీరంగా మారడం అసలు జరగనే జరగదా అని అడిగే పిల్లవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడికోసమే మా డాబా మీద కరివేపాకు మొక్క పెంచుతున్నాను. మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది. నిమ్మ మొక్క అయినా సరే. లేత ఆకుల మీద జాగ్రత్తగా వెతికితే పిట్ట రెట్ట పడినట్టుండే గోధుమ, తెలుపు రంగుల చిన్న పురుగు కనిపిస్తుంది. నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్ల అది. పిట్టలు దాన్ని తిండిగా కాక రెట్టగా చూసి వదిలేస్తాయి. కొన్నాళ్లకు అది కుబుసం విడిచి ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకి చూడండి: తల వెనక నుంచి నారింజ రంగులో రెండు పాయల కొమ్ములాంటిది బయటికి పొడుచుకు వచ్చి, ముక్కు చిట్లించే వాసన వేసి, మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. మా గుంపులో దీన్ని మొదటిసారి చూసిన పిల్ల ‘స్టింక్‌ఫ్లై!’ అని అరిచింది. స్టింక్‌ఫ్లై అంటే ఆ పది ఏలియన్లలో దుర్వాసన వేసే ఈగలాంటిది. ఆ అరుపు విన్నాక నాకు వేరే పాఠం చెప్పవలసిన అవసరం రాలేదు.

ఆ పురుగును కొమ్మతో సహా మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, రోజూ లేత కరివేపాకు వేసి, రెట్టలు తీసేస్తూ ఉండాలి. తరువాత అది తిండి మానేసి, కొమ్మకు నిలువుగా అతుక్కుని, నడుముకు సన్నని పట్టుదారం చుట్టుకుని ప్యూపాగా మారుతుంది. ఎండాకాలంలో సుమారు ఎనిమిది, పది రోజులకు నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలతో సీతాకోకచిలుక బయటికి వస్తుంది. ఆకు నమిలే పురుగుకూ, తేనె పీల్చే సీతాకోకచిలుకకూ డీఎన్ఏ ఒక్కటే. కాగితం మారలేదు, ఆ కాగితంలోని వేరే పేజీ చదివి కట్టారు. రెక్కలకూ కళ్లకూ కావలసిన చిన్న చిన్న కణాల గుంపులు పురుగు శరీరంలోనే సిద్ధంగా ఉంటాయి. ప్యూపాలో పాత శరీరం చాలావరకు కరిగిపోయి వాటికి ముడిసరుకు అవుతుంది. బెన్ ఒక్క మెరుపులో చేసే పనికి ఈ పురుగుకు వారం పైన ఎందుకు పట్టిందని మీ అబ్బాయిని అడగండి. సమాధానం వెంటనే రాకపోయినా తొందరేమీ లేదు, డబ్బా వారం రోజులు ఎదురుగానే ఉంటుంది. తొలకరి పడ్డాక ఈ పురుగులు ఇంకా సులువుగా దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: మందు కొట్టిన తోట నుంచి వచ్చిన, బజారులో కొన్న కరివేపాకు వేయవద్దు. మా మొదటి పురుగు అలాగే చచ్చిపోయింది, పిల్లలు నన్ను చాలా కాలం క్షమించలేదు.

రెండో మంచి ప్రశ్న ఫోర్ ఆర్మ్స్ గురించి. తెర మీద అతను మనిషికి రెట్టింపు ఎత్తుంటాడు. ఆరడుగుల మనిషి 70 కిలోలు ఉంటే, అదే ఆకారంలో పన్నెండు అడుగులున్నవాడు ఎంత బరువుండాలి? పిల్లలందరూ 140 అంటారు. చాలామంది పెద్దలూ అదే అంటారు. పొడవూ వెడల్పూ మందమూ మూడూ రెట్టింపవుతాయి కాబట్టి బరువు ఎనిమిది రెట్లవుతుంది, అంటే 560 కిలోలు, అదనపు చేతుల బరువు కాక. కాలి ఎముక అడ్డుకోత మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. అంటే ఎముకలో ప్రతి చదరపు సెంటీమీటరూ మామూలు మనిషికంటే రెట్టింపు బరువు మోయాలి. ఈ సంగతిని గెలీలియో 1638 నాటికే రాసి అచ్చు వేయించాడు.

లెక్కగా చెబితే ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఎక్కదు, మట్టితో చేయిస్తే ఎక్కుతుంది. వినాయక చవితికి తెచ్చే బంకమట్టి లాంటిది తీసుకుని కొంచెం జారుగా కలిపి, చిటికెన వేలు పొడవున్న బొమ్మను పొట్టతో, రెండు కాళ్లతో నిలబెట్టమనండి. తరువాత అన్ని కొలతలూ సరిగ్గా రెట్టింపు చేసి, కాళ్ల లావు కూడా రెట్టింపు చేసి, అదే మట్టితో రెండో బొమ్మ చేయించండి. మా డాబా మీద చిన్నది హాయిగా నిలబడింది. పెద్దది నిలబడినట్టే నిలబడి, మేము చూస్తుండగానే మోకాళ్ల దగ్గర ఉబ్బి, మెల్లగా కూర్చుండిపోయింది. కిరాణా కొట్టు నుంచి త్రాసు తెచ్చి తూచితే చిన్నది 55 గ్రాములు, పెద్దది 430 గ్రాములు వచ్చాయి. మూడోసారి పిల్లలు ఎవరూ చెప్పకుండానే కాళ్లు బాగా లావు చేసి, పొట్టిగా కుదించి నిలబెట్టారు. అప్పుడొకడు దాన్ని తిప్పి తిప్పి చూసి, ‘ఇది ఏనుగు కాలులా ఉంది మాస్టారూ’ అన్నాడు. ఏనుగు కాలు అలా ఎందుకు ఉంటుందో ఆ పిల్లవాడికి పుస్తకం ఇక చెప్పనక్కరలేదు.

ఇదే సూత్రం తలకిందులైతే గ్రే మ్యాటర్. అరచేతిలో ఇమిడే, మహా తెలివైన చిన్న ఏలియన్. చిన్న శరీరానికి బరువు తక్కువ, దానితో పోలిస్తే చర్మం ఎక్కువ. అందువల్ల వేడి త్వరగా పోతుంది. ఒకే వేడి పాలు ఒక పెద్ద గిన్నె నిండా, ఒక చిన్న గ్లాసు నిండా పోసి, పావుగంట ఆగి ముట్టుకుని చూడమనండి. మన ఇళ్లలో తిరిగే చుంచెలుక లాంటి చిన్న జంతువులు ఎప్పుడూ ఏదో ఒకటి తింటూనే ఉండటానికి కారణం అదే. గ్రే మ్యాటర్ మన లాంటి వెచ్చని రక్తపు జీవి అయితే అంత ఆలోచించే తీరిక అతనికి ఉండదు, రోజంతా తినడంతోనే సరిపోతుంది.

గ్రే మ్యాటర్ దగ్గర మరో ప్రశ్న ఉంది, నాకు అన్నింటికంటే ఇష్టమైనది. మీ అబ్బాయి బరువు 25 కిలోలు అనుకుందాం. అరచేతిలో ఇమిడే జీవిగా మారినప్పుడు ఆ 25 కిలోలు ఎక్కడికి పోయాయి? పదార్థం ఊరికే మాయం కాదు. శక్తిగా మారిందంటారా, అయితే ఐన్‌స్టీన్ సూత్రంతో లెక్క కట్టవచ్చు. ఒక కిలో పదార్థం పూర్తిగా శక్తిగా మారితే వచ్చేది, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం, ఈ మధ్య చేరిన 800 మెగావాట్ల యూనిట్‌ను పక్కన పెట్టి, 1760 మెగావాట్ల సామర్థ్యంతో ఒక్క రోజు కూడా ఆగకుండా ఏడాదిన్నరకు పైగా ఇచ్చేంత విద్యుత్తు. 25 కిలోలైతే నలభై ఏళ్లు. ఆ శక్తి ఒక్క మెరుపులో బయటికి వస్తే బెన్ నిలబడిన ఊరు మిగలదు. విజయవాడ పిల్లలకు ఆ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచి చూసిన అలవాటు ఉంది కాబట్టి ఈ లెక్క విన్నప్పుడు వాళ్ల మొహాలు చూడవలసిందే. మీ అబ్బాయికి సూత్రం అర్థం కాకపోయినా ‘మిగతా బరువు ఎక్కడికి పోయింది’ అన్న ప్రశ్న తప్పకుండా అర్థమవుతుంది. అది చాలు.

మిగతా ఏలియన్ల సంగతి త్వరగా చెబుతాను. ఎక్స్ఎల్ఆర్ ఎయిట్ (ఇంగ్లిషులో కలిపి చదివితే ‘యాక్సిలరేట్’ అని వినిపించే పేరు) గంటకు 800 కిలోమీటర్లు పరిగెడతాడనుకుంటే గుంటూరు నుంచి విజయవాడకు మూడు నిమిషాలు కూడా పట్టదు. అయితే గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీ వారు స్కూటరు మీద 40లో వెళ్తున్నప్పుడు మొహానికి తగిలే గాలికి అది 400 రెట్లు. పరుగు మొదలుపెట్టగానే అతని మొహం మీదికి మూత దిగడం ఆ సిరీస్ వాళ్లు చేసిన కొద్ది తెలివైన పనుల్లో ఒకటి. అది ఎందుకని అడగండి. హీట్‌బ్లాస్ట్ ఒళ్లంతా మంట. మంటకు గాలిలోని ఆక్సిజన్ కావాలి, కాబట్టి అంతరిక్షంలో అతను ఆరిపోవాలి. మరి గాలి లేని చోట సూర్యుడు ఎలా వెలుగుతున్నాడంటే, అక్కడున్నది మంట కాదు, కేంద్రక సంలీనం, అంటే పరమాణు కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి శక్తి ఇవ్వడం. రిప్‌జాస్ తల మీద వెలిగే దీపం మాత్రం నిజమైనదే. లోతు సముద్రపు యాంగ్లర్ చేపకు అచ్చం అలాంటిది ఉంటుంది. డైమండ్‌హెడ్ శరీరం స్ఫటికం. వజ్రం గీతలు పడనంత గట్టిదే గాని సుత్తి దెబ్బకు పగులుతుంది; గట్టిదనం వేరు, దెబ్బ తట్టుకోవడం వేరు. పల్నాటి వైపు కృష్ణ ఒడ్డున ఒకప్పుడు కొల్లూరు వజ్రాల గనులు ఉండేవనీ, కోహినూరు అక్కడే దొరికిందని పెద్దలు చెబుతారనీ పనిలో పనిగా చెప్పండి. మా పిల్లలు ఆ మాట విని డైమండ్‌హెడ్‌ను మన జిల్లావాడిగా ప్రకటించేశారు.

వైల్డ్‌మట్‌కు కళ్లుండవు, వాసనతో దారి పడతాడు. కళ్లకు గుడ్డ కట్టి, చిన్న గిన్నెల్లో జీలకర్ర, వాము, మెంతులు, ఇంగువ పెట్టి వాసనతో పోల్చుకోమనండి. గుంటూరు వారు కాబట్టి చెబుతున్నాను, కారం మాత్రం ఆ వరసలో పెట్టవద్దు.

సైన్సు కంటే నేను ఎక్కువగా భయపడేది అనుకరణకు. ఈ వయసు పిల్లలకు అది కథ అని తెలుసు; ఆట వేడిలో ఆ తెలివి కాసేపు పక్కకు పోతుంది. పిట్టగోడ ఎక్కడం, మెట్ల మీద నుంచి దూకడం, అగ్గిపెట్టెతో హీట్‌బ్లాస్ట్ ఆట ఆడటం నేను చూశాను. మా డాబాకే వచ్చే పిల్లవాడు ఆరో మెట్టు మీద నుంచి దూకి చీలమండ బెణికించుకున్నాడు. ఆ రోజు ఆట చూస్తూ కూడా ఆపని బాధ్యత నాదే. ఇప్పుడు మా దగ్గర ఒక నియమం ఉంది: మారడం నేల మీదే, నిప్పు బొమ్మలోనే. మీరు కూడా అలాంటిదొకటి ముందే పెట్టుకోండి. చూసిన వెంటనే తమ్ముళ్లనూ స్నేహితులనూ గట్టిగా కొట్టే అలవాటు వస్తే, పడుకున్నాక కలవరిస్తుంటే, తిండీ నిద్రా చెదురుతుంటే వారం పది రోజులు ఆపేయండి. అప్పుడు మీ వారి మాటే సరైనది.

ఏలియన్లు ఉన్నారా అన్న ప్రశ్నకు ఉన్నారనీ చెప్పవద్దు, లేరనీ చెప్పవద్దు. ఇంతవరకు భూమి మీద తప్ప మరెక్కడా ప్రాణి ఉన్నట్టు ఆధారం దొరకలేదు, వెతుకుతున్నారు అని చెప్పండి; అదే నిజం. సూర్యుడిలాంటి మరో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలో అనే ఇద్దరు కనుగొన్నారు. ఆ పనికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటి నుంచి ఖాయంగా తేలిన గ్రహాలు అయిదు వేలు దాటాయి. బెన్ కథలో చాలామంది ఏలియన్లు మనిషిలాగే రెండు కాళ్ల మీద నడిచి మన భాషే మాట్లాడటం గీసేవారి సౌకర్యం. నిజంగా ఎక్కడైనా ప్రాణి దొరికితే అది మొదట కంటికి కనిపించని సూక్ష్మజీవి అయ్యే అవకాశమే ఎక్కువని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. మీ అబ్బాయికి ఇది కాస్త నిరాశగా ఉంటే మరొకటి చెప్పండి. 1977లో పంపిన రెండు వోయేజర్ నౌకల్లో ఒక్కొక్క బంగారు పూత గ్రామఫోను రికార్డు ఉంది. ఎప్పటికైనా ఎవరికైనా దొరికితే వినడానికి అందులో 55 భాషల్లో పలకరింపులు నింపారు; వాటిలో తెలుగు ఒకటి. వోయేజర్ 1 ఇప్పుడు ఎంత దూరంలో ఉందంటే అక్కడికి ఇక్కడి నుంచి రేడియో సంకేతం చేరడానికే 22 గంటలకు పైగా పడుతుంది. నేను ఈ సంగతి చెప్పిన ఆదివారం పిల్లలు ఆ పలకరింపును ఫోనులో పదే పదే పెట్టించుకుని విన్నారు. ఏలియన్‌కు తెలుగు రాకపోతే ఎలా అని ఒక పాప అడిగింది; దాని మీద గంట గడిచింది.

వాచీ సంగతి. విజయవాడ బెసెంట్ రోడ్డులోనూ మీ గుంటూరు బజార్లలోనూ దీపం వెలిగే బెన్ టెన్ వాచీలు చవకగా దొరుకుతాయి. కొనవచ్చు, కాని వెనక బ్యాటరీ మూతకు స్క్రూ ఉన్నదే కొనండి. వాటిలో ఉండేది బొత్తాం సైజు బ్యాటరీ. గోటితో ఊడివచ్చే మూత అయితే పిల్లలు దాన్ని తీస్తారు, చిన్నవాళ్లు నోట్లో పెట్టుకుంటారు. మింగిన బ్యాటరీ గొంతు కింద ఆహారనాళంలో చిక్కుకుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. అలాంటి అనుమానం వస్తే వాంతి చేయించడానికి ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. స్క్రూ ఉన్నది దొరకకపోతే అట్టముక్క, స్కెచ్ పెన్నులు ఇచ్చి వాచీని వాడినే చేసుకోమనండి. మా పిల్లల్లో సగం మందివి అట్ట వాచీలే. ఒకడు తన దాంట్లో పది ఏలియన్ల బదులు పదకొండు పెట్టుకున్నాడు, పదకొండోది కరివేపాకు పురుగు.